ప్రజల ముందుంచు ప్రశ్న: దానిని వ్రాయవలసిన దెవరు?



అడుగు తీరును బట్టి జవాబు వచ్చునన్న సంగతి న్యాయస్థానముల మెట్లెక్కినవారి కందరికిని తెలిసినదే. న్యాయవాది తన పక్షపు సాక్షిని "నీవు ఆ సాయంకాలము చెరువుకట్టమీద ఇతనిని చూచితివి కదా?" యని అడుగబోయిన, ఎదుటి న్యాయవాది లేచి అడ్డుపడును. సాక్షి నోటికి జవాబు నందించు ప్రశ్నను, ప్రతిపక్షి ఆక్షేపించినప్పుడు, న్యాయాధిపతి అనుమతి లేక అడుగరాదని 1872 నాటి సాక్ష్యచట్టము విధించినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన చట్టమును ఆ నియమమును విడువలేదు. ఒక్క సాక్షి విషయముననే ఇంత జాగ్రత్త అవసరమైనచో, ఊరు ఊరంతయు ఓటు వేయవలసిన ప్రశ్న విషయమున మరెంత జాగ్రత్త వలయును? ఆ ప్రశ్నను, దాని క్రింద నుండు సంగ్రహమును ఎవరు వ్రాయవలెను? ఇదియే నేటి ప్రసంగ విషయము.

ఇది మనకు పట్టని సంగతి యని తలంపవలదు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి నియోజకవర్గమునకు చెందిన కలిగిరి మండలమున దూబగుంట యను గ్రామము కలదు. 1990వ దశకపు తొలినాళ్లలో అక్కడి స్త్రీలు అక్షరాస్యతా కేంద్రములో కూడి చదువు నేర్చుకొనిరి. వారి పాఠ్యపుస్తకములోని సీతమ్మ కథ త్రాగుడు వలన కూలిన సంసారము కథ. ఆ కథలో తమ బ్రతుకులనే చూచుకొని వారు ఊరిలోని సారాయంగడిని మూయించిరి. దూబగుంట రోశమ్మ పేరు దేశమంతట మారుమ్రోగినది. ఉద్యమము ఊరూర ప్రాకి, సారాయి వేలములకే ఆటంకమైనది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారాయి నిషిద్ధమైనది. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలిపోయినది.

ఈ చరిత్రలో గమనింపదగిన విశేష మొకటి కలదు. సారాయి వచ్చుట, పోవుట, మద్యము మరల వచ్చుట, ఇవన్నియు ప్రభుత్వపు ఉత్తరువుల వలనను, శాసనముల వలనను జరిగినవే. "మీ ఊర ఈ అంగడి ఉండవలెనా, వలదా?" యని దూబగుంట స్త్రీలకు ఓటుచీటి నిచ్చి అడిగినవారు లేరు. వారు వీధి కెక్కి చెప్పవలసివచ్చినది. చీటిమీద చెప్పు మార్గము వారికి లేదు.

అట్టి మార్గము అసాధ్యమైనది కాదు. మహారాష్ట్రమున గ్రామప్రజలు కోరినచో మద్యపుటంగడి మూతను గూర్చి రహస్య ఓటు జరుపు పద్ధతి కలదు. చదువురాని వారికై చీటిమీద నిలువు సీసా, అడ్డముగ పడిన సీసా చిహ్నములుగ నుంచుచుందురు. గిరిజన ప్రాంతములందు మత్తుపదార్థముల నిషేధించుటకు, అదుపు చేయుటకు గ్రామసభకు అధికార ముండవలెనని 1996 నాటి కేంద్రచట్టము చెప్పుచున్నది. ఉదయగిరి, ఆత్మకూరు గ్రామములు ఆ షెడ్యూలు ప్రాంతములోనివి కావు. రేపు ఇట్టి హక్కు మన మెట్టకును సంక్రమించిన దనుకొందము. అప్పుడు మొదటి తగవు మద్యమును గూర్చి రాదు; ప్రశ్న పాఠమును గూర్చియే వచ్చును.

ఎట్లన, మూత కోరువారు వ్రాసినచో ప్రశ్న ఇట్లుండును: "పచ్చని కాపురములను కూల్చి, పసిబిడ్డల నోటి కూటిని కొట్టుచున్న మద్యపుటంగడిని తొలగించుటకు సమ్మతింతురా?" అంగడివారు వ్రాసినచో నిట్లుండును: "ప్రభుత్వమునకు ఆదాయము నిచ్చుచు, లైసెన్సు పొంది నడుచుచున్న దుకాణమును కొనసాగింపకుండ చేయు ప్రతిపాదనను త్రోసిపుచ్చుటకు సమ్మతింపరా?" మొదటిదానికి కాదనుటకు నోరు రాదు. రెండవదానికి అవునన్న నేమగునో, కాదన్న నేమగునో పండితునకును అర్థము కాదు. మొదటిది ఓటరు హృదయమును పట్టి లాగుచున్నది. రెండవది కండ్లకు గంతలు కట్టుచున్నది. రెండును అన్యాయములే.

ఇచట నొక సందేహము కలుగవచ్చును. సీతమ్మ కథ మాత్రము నిష్పక్షపాతమైనదా? కాదు. ఆ కథ త్రాగుడును నిందించుటకే పుట్టినది. నిందించుట దాని ధర్మము. ప్రచారము చేయువాడు, పాఠము చెప్పువాడు, పాట కట్టువాడు ఒక పక్షము వహింపవచ్చును. వాదమును వినువాడు తూచుకొనును. అయితే ఓటుచీటి వాదము కాదు, తూచు త్రాసు. త్రాసులో ముందే ఒక ప్రక్క రాయి పెట్టి, "తూచుకొనుడు, మీకు స్వేచ్ఛ కలదు" అనుట మోసము. సీతమ్మ కథకు సభలో చోటు కలదు, గోడమీద చోటు కలదు, చీటిమీద లేదు.

ఇతర దేశములందును, మన దేశమునందును జరిగిన కొన్ని సంగతులను చూతము.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ప్రజలే సంతకములు కూర్చి ఒక శాసనమును ఓటుకు పెట్టవచ్చును. అచట ప్రతిపాదనకు పేరును, నూరు మాటలకు మించని సంగ్రహమును వ్రాయువాడు అటార్నీ జనరల్. ఆయన స్వయముగ ఒక పార్టీ పక్షమున ఎన్నికలలో గెలిచినవాడు. 2008లో వివాహమును గూర్చిన ఎనిమిదవ ప్రతిపాదనకు సంతకముల కాలమున నుండిన పేరు వేరు, ఓటుచీటికి ఎక్కిన పేరు వేరు. కొత్త పేరు "వివాహపు హక్కును తొలగించును" అను భావముతో నుండెను. సమర్థకులు న్యాయస్థానమున కేగిరి, పేరు మారలేదు. ఆ పేరు సరియైనదో కాదో మనము తేల్చ నక్కరలేదు. వ్రాసినవానికి పార్టీ ఉన్నంతకాలము, సరిగా వ్రాసినను ఓడినవారు నమ్మరు. ఇదియే మనము గ్రహింపవలసినది.

స్విట్జర్లాండులో వివరణ పుస్తకమును ప్రభుత్వమే వ్రాసి ఇంటింటికి పంపును. 2016 ఫిబ్రవరి 28న దంపతుల పన్నును గూర్చి ఓటు జరిగినది. పన్ను భారము పడుచున్న జంటలలో ఇరువురును సంపాదించునవి 80,000 మాత్రమే యని ప్రభుత్వము చెప్పినది. తరువాత లెక్క చూడగా అవి 4,54,000. 2019 ఏప్రిల్‌లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము ఆ ఓటునే రద్దుచేసినది. శబ్దములలో పక్షపాతము లేకున్నను, అంకెలో తప్పున్నచో సంగ్రహము సంగ్రహము కాదని దీనివలన తెలియును.

బ్రిటనులో ప్రశ్నను ఎన్నికల సంఘము ముందుగ ఓటర్లచేత చదివించి పరీక్షించును. 2016 నాటి ఓటుకు మొదట "ఐరోపా సమాఖ్యలో కొనసాగవలెనా?" అని అడిగి, అవును, కాదు అను రెండు జవాబులుంచ దలచిరి. ఆ అడుగుటలోనే కొనసాగుట వైపు మొగ్గు కలదని సంఘము అభిప్రాయపడగా, "కొనసాగవలెనా, వైదొలగవలెనా" యని మార్చి రెండు పక్షములను సమముగ నిలిపిరి.

మన దేశమున 1967 జనవరి 16న గోవా ప్రజలను మహారాష్ట్రములో చేరుదురా, కేంద్రపాలిత ప్రాంతముగనే నిలుతురా యని అడిగిరి. ఒకదానికి పువ్వు, ఒకదానికి రెండాకులు చిహ్నములు. రెండు దారులును చీటిమీద సమముగ నిలిచినవి. 1975 ఏప్రిల్ 14న సిక్కింలో అట్లు జరుగలేదు. రాజరికము పోవలెనను మాటను, భారతదేశమున అంతర్భాగము కావలెనను మాటను ఒకే ప్రశ్నలో కలిపిరి. రాజు వలదు గాని తక్కిన సంగతి ఆలోచింతమను వానికి చీటిమీద చోటు లేకపోయినది. రెండు విషయముల నొక్క ముడి వేయరాదని ఇందువలన నేర్చుకొనవలెను.

ఇక ఎవరు వ్రాయవలెను?

మూత కోరినవారు వ్రాయరాదు, అంగడివారును వ్రాయరాదు. ప్రభుత్వశాఖ వ్రాయవచ్చును గదా యందురేమో! మద్యపు ఆదాయము ప్రభుత్వ ఖజానాకే చేరును. కావున ఆ శాఖయు ఒక పక్షమే. శాసనసభ్యుడా? ఆయనకు మరునాడు ఓట్లు కావలెను. న్యాయాధిపతి నిష్పక్షపాతి యే గాని, ఆయన వ్రాతకు న్యాయస్థానపు వాసన యుండును. పైగా తన వ్రాతపై వచ్చు ఫిర్యాదును తానే విచారించుట పొసగదు. అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమున 2010 నుండి కొన్ని ఎన్నికలలో ఒక క్రొత్త పద్ధతి నవలంబించిరి. చీట్లు వేసి ఎన్నుకొన్న సామాన్య ఓటర్లు కొన్ని దినములు కూర్చుండి, ఇరుపక్షముల వాదములను విని, తమ మాటలలో ఒక వివరణ వ్రాసిరి. అది ఓటర్ల పుస్తకములో అచ్చయినది.

ఈ అనుభవములను బట్టి నాకు తోచిన ఏర్పాటును మనవి చేయుదును. గ్రామపంచాయతీల ఎన్నికలను జరుపు రాష్ట్ర ఎన్నికల సంఘము రాజ్యాంగము వలననే ఏర్పడినది. ప్రశ్నకు మూసను ఆ సంఘమే నిర్ణయింపవలెను. ఆ మూసను బట్టి పాఠమును వ్రాయుటకు ముగ్గురు చాలుదురు: పదవి విరమించిన న్యాయాధికారి యొకరు, తెలుగు ఉపాధ్యాయు డొకరు, వయోజనులకు చదువు చెప్పిన అనుభవము గలవా రొకరు. వారు వ్రాసినదానిని చీట్లు వేసి పిలిచిన పండ్రెండుగురు ఓటర్ల ముందు చదివి, "అవునన్న నేమగును? కాదన్న నేమగును?" అని ఒక్కొక్కరి నడుగవలెను. ఇద్దరు పొరబడినను పాఠమును తిరుగ వ్రాయవలెను. అటుపిమ్మట ఏడు దినములు పంచాయతీ కార్యాలయమున అంటింపవలెను. ఆక్షేపణ లున్నచో జిల్లా న్యాయాధిపతి నిర్ణీత గడువులో తేల్చవలెను. తేలిన పిమ్మట ఒక్క అక్షరమును మార్చరాదు.

అప్పుడు ప్రశ్న ఇట్లుండును: "మన పంచాయతీ హద్దులలో నున్న మద్యం దుకాణాన్ని ఏం చేయాలి? మూసేయాలి. ఉండనివ్వాలి." సంగ్రహమున అయిదే సంగతులు: మూసిన నెప్పటినుండి మూతపడును, ఉంచిన నేమి జరుగును, ఊరికి గాని ప్రభుత్వమునకు గాని రాబడిలో వచ్చు తేడా యెంత, ఆ లెక్క ఎవరిచ్చినది, మరల ఓటు ఎప్పుడడుగవచ్చును. నేనీ ప్రసంగమున వాడుచున్న భాష చీటిమీద పనికిరాదని శ్రోతలు గమనింతురు గాక. వింజమూరు సంతలో మాటలాడుకొను మాటయే చీటిమీద నుండవలెను.

నిష్పక్షపాతి యగు మనుష్యుడు లోకమున లేడు, ఈ శ్రమ యంతయు వ్యర్థమని కొందరు వాదింతురు. మనుష్యులు దొరకకపోవుట నిజమే కావచ్చును. కనుకనే పద్ధతి వలయును. ఒకని మొగ్గును ఇంకొకడు సరిదిద్దునట్లును, వ్రాసినవాడు వేరు, పరీక్షించువాడు వేరు, తీర్పు చెప్పువాడు వేరు అగునట్లును ఏర్పరచినచో, దేవతలు దిగిరా నక్కరలేదు. కాలహరణమగునందురా? తప్పుగా అడిగి రద్దగుటకంటె ఒక నెల ఆలస్యమే మేలు.

ఇవి రాబోవు సంగతులని ఊరకుండుటకును వీలులేదు. 2006 నాటి పర్యావరణ ప్రకటన ననుసరించి, పరిశ్రమ పెట్టదలచినచోట ప్రజాభిప్రాయ సేకరణకు ముందు స్థానికభాషలో సంగ్రహ మీయవలెను. దానిని ఇచ్చువాడు పరిశ్రమ పెట్టగోరువాడే! 2013 నాటి భూసేకరణ చట్టము ప్రకారము ప్రైవేటు కంపెనీలకు భూమి సేకరించునప్పుడు నూటికి 80 కుటుంబముల సమ్మతియు, ప్రభుత్వముతో కలిసి చేయు పనులకు నూటికి 70 కుటుంబముల సమ్మతియు కావలెను. సమ్మతి పత్రమును ఓటుచీటియే యనవచ్చును. దానిపై వేలిముద్ర వేయుమనువాడు దానిలో నేమున్నదో తన మాటలతో చెప్పును. వేసినవానికి మిగులునది ఆ మాట కాదు, కాగితము.

2013లో ఒడిషా నియమగిరి కొండలలో పండ్రెండు గ్రామసభలు గనుల త్రవ్వకమును త్రోసిపుచ్చినవి. అచట గ్రామసభలు విచారింపవలసిన దేమో సుప్రీంకోర్టు ముందుగ చెప్పినది. జిల్లా న్యాయాధిపతి హోదా గల అధికారి సభలను పరిశీలించెను. కంపెనీ గాని, గనుల శాఖ గాని ప్రశ్నను వ్రాయలేదు. కావుననే ఆ జవాబుకు బలము కలిగినది.

ఆత్మకూరు, ఉదయగిరి గ్రామసభలలో కూర్చుండు సోదరీసోదరులు రేపటినుండియే చేయదగిన పని యొకటి కలదు. చట్టము మార వలసిన పని లేదు. తీర్మానమును పుస్తకములో వ్రాసిన పిమ్మట, సంతకములు పెట్టకమునుపు, దానిని గట్టిగ చదువుమని కోరుడు. చదివిన పిమ్మట "దీనికి ఒప్పుకొనకున్న నేమగును?" అని అడుగుడు. ఆ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పలేని కాగితము ఇంకను సంతకమునకు సిద్ధము కాలేదని తెలిసికొనుడు.