కుట్టుమిషను ముసలిదవుతుందా?

 

ఈ పూట మన మాట కుట్టుమిషను గురించి.

ఒక ఇల్లు ఉందనుకుందాం. ఆ ఇంటి వసారాలో ఒక మూల పాత కుట్టుమిషను ఉంది. అది అత్తగారిది. పెళ్ళయిన కొత్తలో కొన్నది. ఇరవై ఏళ్ళు దాని మీద జాకెట్లు, లంగాలు, పిల్లల గౌన్లు కుట్టింది. తర్వాత ఆమెకు చూపు తగ్గింది. మిషను మీద గోనెపట్టా పడింది. పట్టా మీద ఉల్లిపాయల బుట్ట చేరింది.

ఒక రోజు పాత సామాన్లవాడు వచ్చాడు. తక్కెడ తీశాడు.

"తుప్పు పట్టిందమ్మా. ఇంక పనికిరాదు. ఇనుము లెక్కన తూచి డబ్బులిచ్చేస్తా" అన్నాడు.

కోడలికి పిల్లల బడి ఖర్చు గుర్తుకొచ్చింది. ఇచ్చేద్దామనుకుంది. లోపలినుంచి అత్తగారు కేకేసింది.

"అమ్మాయ్! ఆగు. అది చచ్చిపోలేదు. దాహంగా ఉంది, అంతే!"

దేని దాహం? నూనె దాహం.

అత్తగారు చెప్పింది నిజమేనా? చూద్దాం.

మిషను ఎలా పుట్టింది?

ఒకప్పుడు బట్టలన్నీ చేత్తోనే కుట్టేవారు. ఒక చొక్కా కుట్టాలంటే గంటలకొద్దీ కూర్చోవాలి. వేళ్ళు నొప్పి. కళ్ళు మంట.

అమెరికా దేశంలో ఎలియాస్ హోవ్ అనే ఆయన 1846లో ఒక కుట్టుమిషనుకు పేటెంటు పొందాడు. పేటెంటు అంటే ఏమిటి? "ఈ వస్తువు ఇతను తయారుచేసింది. ఇతన్ని అడక్కుండా ఎవరూ చెయ్యకూడదు" అని సర్కారు ఇచ్చే హక్కు. 1851లో ఐజాక్ సింగర్ అనే ఆయన ఇంకో రకం మిషనుకు పేటెంటు పొందాడు. సింగర్ కంపెనీ మిషన్లను వాయిదాల మీద కూడా అమ్మింది. అందువల్ల చేతిలో మొత్తం డబ్బు లేనివాళ్ళు కూడా కొనగలిగారు. మిషను దేశదేశాలకూ వెళ్ళింది. మన దేశానికీ వచ్చింది. 1930ల దశకంలో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ మొదలైంది.

గాంధీగారి సంగతి మీకు తెలుసు. మనుషుల పని లాగేసుకునే యంత్రాలు ఆయనకు గిట్టవు. అయినా 1924లో ఒక సంభాషణలో ఆయన సింగర్ కుట్టుమిషనును మెచ్చుకున్నారు. అది నిజంగా పనికొచ్చే కొద్ది వస్తువుల్లో ఒకటని చెప్పారు. ఎందుకు? అది మనిషి శ్రమ తగ్గిస్తుంది. మనిషిని వీధిన పడెయ్యదు.

కుట్టు ఎలా పడుతుంది?

చేతి సూదికి కన్ను వెనక ఉంటుంది. మిషను సూదికి కన్ను మొన దగ్గర ఉంటుంది. కిటుకంతా ఇక్కడే ఉంది.

సూది గుడ్డలోంచి కిందికి దిగుతుంది. తనతో పై దారాన్ని తీసుకుపోతుంది. మళ్ళీ పైకి లేవడం మొదలుపెట్టగానే కింద దారం చిన్న ఉచ్చులా వదులవుతుంది. కింద షటిల్ ఉంది కదా! దాని కొక్కెం ఆ ఉచ్చును పట్టుకుంటుంది. బాబిన్ చుట్టూ తిప్పుతుంది. పై దారం, కింది దారం రెండూ గుడ్డ మధ్యలో మెలిపడతాయి. అదే ఒక కుట్టు.

యూరియా సంచి మూతి విప్పారా ఎప్పుడైనా? సరైన కొస దొరికితే ఒక్క లాగుకు కుట్టంతా ఊడిపోతుంది. అది గొలుసు కుట్టు. మన మిషను కుట్టు అలా ఊడదు. రెండు దారాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

అంతకాలం ఎందుకు పనిచేస్తుంది?

నలభై ఏళ్ళు, యాభై ఏళ్ళు దాటిన మిషన్లు ఇప్పటికీ కుడుతున్నాయి. దీనికి కారణాలున్నాయి.

ఒకటి: నల్ల మిషను ఒళ్ళు పోత ఇనుము. లోపలి కడ్డీలు ఉక్కు. త్వరగా వంగవు, అరగవు.

రెండు: కాలి మిషనుకు కరెంటు అక్కర్లేదు. కాలిపోయే మోటారు లేదు. మన కాలే దానికి మోటారు.

మూడు: ప్రతి భాగం మరతో బిగించి ఉంటుంది. మర విప్పితే ఊడుతుంది. బిగిస్తే కూర్చుంటుంది. షటిల్ పోతే షటిల్, బెల్టు పోతే బెల్టు. మొత్తం మిషను మార్చక్కర్లేదు.

నాలుగు: ఏళ్ళ తరబడి ఒకే నమూనాలో మిషన్లు తయారయ్యాయి. అందుకే పాత మిషనుకు కూడా సామాను దొరుకుతుంది.

అంటే ఏమిటి? అరిగేది చిన్న భాగం. నిలిచేది పెద్ద భాగం. చిన్నదాన్ని మారుస్తూ ఉంటే పెద్దది బతుకుతుంది.

మనం ఏం చెయ్యాలి?

నూనె: మిషను ఒంటి మీద చిన్న చిన్న కన్నాలుంటాయి. ఒక్కో కన్నంలో ఒక్కో చుక్క వెయ్యాలి. రోజూ కుట్టేవాళ్ళు రోజూ వెయ్యాలి. అప్పుడప్పుడు కుట్టేవాళ్ళు వారానికోసారి వెయ్యాలి. కుట్టుమిషను నూనే వాడాలి. కొబ్బరినూనె వద్దు. అది చలికి గడ్డకడుతుంది. వంటనూనె అసలు వద్దు. అది కొన్నాళ్ళకు జిగురవుతుంది. మిషను పట్టేస్తుంది. నూనె వేశాక పాత గుడ్డ మీద కాసేపు తొక్కండి. మిగిలిన నూనె ఆ గుడ్డకు అంటుతుంది. కొత్త బట్టకు మరక పడదు.

దుమ్ము: సూది కింద పళ్ళుంటాయి. గుడ్డను ముందుకు జరిపేది అవే. ఆ పళ్ళ సందుల్లో దూది, పీచు చేరుతుంది. షటిల్ దగ్గరా చేరుతుంది. పాత పళ్ళ బ్రష్షుతో తుడవండి.

సూది: మొన మొద్దుబారితే మార్చండి. పాత సూది తీసేముందు బాగా చూడండి. దాని తల ఒక వైపు చదునుగా ఉంటుంది. అది ఎటు ఉందో గుర్తు పెట్టుకోండి. కొత్తదీ అలాగే పెట్టాలి. సూది పొట్లం మీద అంకె ఉంటుంది. ఇప్పుడు మీకు అంకెలు వచ్చు కదా! పలచని గుడ్డకు 11. మామూలు గుడ్డకు 14. మందపు గుడ్డకు 16. ఇంక దుకాణంవాడు ఏదిస్తే అది తెచ్చుకోనక్కర్లేదు. అంకె చదివి అడగండి.

చక్రం: పై చక్రం ఎప్పుడూ మన వైపుకే తిరగాలి. వెనక్కి తిప్పితే దారం చిక్కుపడుతుంది. గుడ్డ లేకుండా, దారం ఎక్కించి తొక్కినా అంతే.

దారం బిగువు: గుడ్డ కింది వైపు దారం ఉచ్చులు ఉచ్చులుగా కనిపిస్తే పై దారం వదులుగా ఉందన్నమాట. ముందు దారం మళ్ళీ సరిగా ఎక్కించి చూడండి. అప్పటికీ కుదరకపోతే బిగువు మర కొంచెం బిగించండి. మరీ బిగిస్తే దారం తెగుతుంది.

బెల్టు: వదులైతే జారుతుంది. మరీ బిగువైతే తొక్కడం బరువవుతుంది. మోకాళ్ళు నొప్పి పుడతాయి.

కరెంటు మోటారు ఉన్న మిషనైతే, ఏ పని చేసేముందైనా ప్లగ్గు తీసెయ్యండి. సూది మార్చేటప్పుడు కాలు తీసి పక్కన పెట్టండి. పిల్లల వేళ్ళు మిషను దగ్గరికి రానివ్వకండి.

మిగతా సామాన్ల మాట

ఇదే సూత్రం ఇంట్లో వేరే సామాన్లకూ పనికొస్తుంది. ప్రెషర్ కుక్కర్ మూత పక్కనుంచి ఆవిరి పోతుందా? సాధారణంగా లోపలి రబ్బరు పాతబడి ఉంటుంది. కుక్కర్ కాదు, రబ్బరు మార్చాలి. అదీ ఆ కుక్కర్‌కు సరిపోయే రబ్బరే కావాలి. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుందా? చాలాసార్లు అందులో చిన్న కండెన్సర్ పోయి ఉంటుంది. అది కరెంటు పని. తెలిసినవాళ్ళతోనే చేయించాలి.

ఏ వస్తువు కొన్నా రసీదు అడిగి తీసుకోండి. తేదీ ఉందో లేదో చదవండి. గ్యారంటీ కాగితం మీద దుకాణం ముద్ర వేయించండి. రెండూ ఒక చోట దాచండి. రసీదు మీద మీ పేరు రాయించుకోండి. మీ చెమటతో కొన్న మిషను మీదేనని ఆ కాగితం చెబుతుంది.

తూకం సంగతి

ఇంక ఆ అత్తాకోడళ్ళ దగ్గరికి వద్దాం.

కోడలు పాత సామాన్లవాణ్ణి పంపేసింది. బుట్ట దించింది. పట్టా తీసింది. చక్రం కదల్లేదు. పొయ్యికి దూరంగా, పెరట్లో కూర్చుని కన్నాల్లో కొంచెం కిరసనాయిలు వేసింది. పాత నూనె జిగురు నెమ్మదిగా కరిగింది. గుడ్డతో తుడిచింది. ఆరాక మిషను నూనె వేసింది. అత్తగారు చేత్తో తడిమి కన్నాలు ఎక్కడున్నాయో చూపించింది. మర్నాటికి చక్రం కొంచెం కదిలింది. మూడో రోజుకు పూర్తిగా తిరిగింది. కొత్త బెల్టు, కొత్త సూది కొన్నారు.

మొదట కుట్టింది ఏమిటి? దిండు గలీబు. కుట్టు వంకర పోయింది. అత్తగారు వేళ్ళతో తడిమి నవ్వింది.

"మిషను వంక కాదమ్మాయ్. చెయ్యి కుదరాలి. కుదురుతుందిలే" అంది.

పిల్లల బడి బట్టలు ఆ ఏడు ఇంట్లోనే కుట్టారు. తర్వాత పక్కింటివాళ్ళు జాకెట్లు తెచ్చారు.

పాత సామాన్లవాడు మిషనును తక్కెడలో తూచుదామన్నాడు. అతని లెక్కలో అది ఇన్ని కిలోల ఇనుము. ఆ లెక్క అబద్ధం కాదు. కానీ అత్తగారి లెక్క వేరు. ఇరవై ఏళ్ళు ఇంటికి తిండి పెట్టిన చేతిపని అది. ఆ పనికి తక్కెడ రాయి లేదు.

నూనె చుక్క, ఒక సూది, ఒక బెల్టు. వీటితో మిషను మళ్ళీ పనిలోకి వచ్చింది. దాని సంగతి తెలిసిన మనిషి ఇంట్లో ఉంది కాబట్టి వచ్చింది. అత్తగారికి తెలిసింది ఇప్పుడు కోడలికీ తెలిసింది.

ఇవాళ ఇంటికి వెళ్ళగానే మూల చూడండి. అటక మీద చూడండి. పట్టా కింద ఏముందో చూడండి. అమ్మేముందు, పారేసేముందు ఇంట్లో పెద్దవాళ్ళను ఒక మాట అడగండి.



ఆలోచించండి. చెప్పండి.

1. మీ ఇంట్లో ఎక్కువ ఏళ్ళుగా పనిచేస్తున్న వస్తువు ఏది? ఎన్నేళ్ళయింది?

2. కుట్టుమిషనులో కొబ్బరినూనె ఎందుకు వెయ్యకూడదు?

3. మీ దగ్గర ఏ ఏ వస్తువులకు రసీదులున్నాయి? వాటి మీద ఎవరి పేరుంది? చదివి చూడండి.