ఊరి అడవికి కాపు

(ఒక గ్రామ వన సంరక్షణ సమితి సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నేను వ్యవసాయ శాస్త్రము బోధించువాడను. జొన్న, వేరుశనగ, కంది - ఇవి నా పాఠములు. అడవిని గురించి మాట్లాడుమని మీరు పిలిచినపుడు కొంత సంకోచించితిని. కాని ఈ ఉదయము మీతో గుట్ట ఎక్కి వచ్చిన తరువాత చెప్పదగిన మాటలు కొన్ని తోచినవి. అందులో మొదటిది నా పొరపాటే గనుక దానితోనే ఆరంభించెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట విద్యార్థులను వెంటబెట్టుకొని ఇటువంటి గుట్ట ఒకదాని మీద మొక్కలు నాటించితిని. జూలై నెల, మంచి వాన పడిన మరునాడు. గుంటలు తీయుటకు అడ్డమని పాత మోళ్ళ నుండి లేచిన పిలకలన్నిటిని కొట్టివేయించితిమి. కానుగ, నేరేడు, ఉసిరి మొక్కలు నాటి, ఫొటోలు తీయించుకొని ఇండ్లకు పోతిమి. మరుసటి వేసవిలో పోయి చూడగా నాటినవానిలో బ్రతికినవానిని వ్రేళ్ళ మీద లెక్కింపవచ్చును. మేము కొట్టిన మోళ్ళు మాత్రము మరల చిగిర్చి నడుమెత్తు ఎదిగియున్నవి. అక్కడ మేకలు మేపుకొను ముసలాయన ఒకరు, ఉన్న అడవిని నరికి లేని అడవిని నాటుట ఏమి చదువని నన్ను అడిగినారు. జవాబు చెప్పలేకపోతిని.

దీనికి కారణము వేరులోనే ఉన్నది. సంచిలో పెరిగిన మొక్కకు జానెడు వేరు ఉండును. మోడుకు ఉన్న వేరు ఎన్నో ఏండ్ల క్రిందటనే రాళ్ళ సందులలో దిగి తడిని వెదకుకొన్నది. టేకు, నల్లమద్ది, చిరిమాను వంటి చెట్లు మొదలంట నరికినను మోటి నుండి పిలకలు వేయును. తునికి, మోదుగ వేళ్ళ నుండి కూడ లేచును. మీ గుట్ట మీద బోడిగా కనబడుచున్న చోట కూడ ఈ ఉదయము నేను అడుగడుగునకు పిలకలు చూచితిని. మేక కొరికినవి కొన్ని, మంటకు మాడినవి కొన్ని. అడవి చావలేదు, దానిని లేవనిచ్చుట లేదు, అంతే.

లేవనిచ్చినచో ఏమగునో చూపిన ఊళ్ళు మన దేశములోనే ఉన్నవి. పశ్చిమ బెంగాలులో అప్పటి మిడ్నపూరు జిల్లాలోని అరబారి అను చోట సాల వృక్షముల అడవి నరుకుడు వలన మోళ్ళుగా మిగిలినది. 1970 తరువాతి తొలి సంవత్సరములలో అక్కడి అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ గారు చుట్టుపట్ల 11 గ్రామముల వారితో ఒప్పందము చేసికొనిరి. సుమారు 1,270 హెక్టార్ల అడవిని గ్రామస్థులు కాయవలెను. కలప పక్వమునకు వచ్చి అమ్మినపుడు నాలుగవ వంతు వారికి రావలెను. ఆ మోళ్ళే తిరిగి అడవి అయినవి. తరువాత 1990లో కేంద్ర ప్రభుత్వము ఈ పద్ధతిని అన్ని రాష్ట్రములకు సూచించినది. మన రాష్ట్రములో 1992 నుండి ఏర్పడిన వన సంరక్షణ సమితులు ఆ దారిలో వచ్చినవే. కొన్ని నిలిచినవి, చాలచోట్ల పథకపు డబ్బు ఆగగానే పలకలు మాత్రము మిగిలినవి. మీ సమితి కూలి డబ్బు లేకుండ నడచుచున్నదని విని వచ్చితిని.

ఇక పని సంగతి. అన్నింటికంటె ముందు నిప్పు. మన అడవిలో మంట తనంత తాను పుట్టుట బహు అరుదు. ఫిబ్రవరి నుండి మే వరకు ఎండుటాకు నేల మీద పరచుకొని యుండగా మనిషి చేతి నుండియే అది పుట్టును. ఆరని బీడీ ముక్క ఒకటి చాలును. ఇప్పపువ్వు రాలు కాలములో, పువ్వు కనబడుటకై చెట్టు క్రింద ఆకు కాల్చు అలవాటు ఒకటి. ఆ ఆకును ఊడ్చి ప్రక్కకు త్రోయవచ్చును. పాత చీరలు పరచినచో పువ్వు మట్టి అంటకుండ దొరకును, ధర కూడ బాగుండును. కాల్చినగాని కొత్త గడ్డి రాదని మీలో కొందరు ఉదయము వాదించినారు. కాల్చిన తరువాత పచ్చిక వచ్చు మాట నిజమే. కాని ఏటేట కాల్చిన గుట్ట మీద పశువు ముట్టని బోద వంటి ముదురు గడ్డియే చివరకు మిగులును. పైగా ఎండుటాకు పొలములో మనము పరచు చెత్త వంటిది. అది కాలిపోయినచో తొలకరి వాన నేరుగా మట్టిని కొట్టి, ఆ మట్టిని మీ చెరువులోనికే తెచ్చును.

కనుక సంక్రాంతి తరువాత, ఆకు రాలుట ముదరకముందే, గుట్ట చుట్టును, బాట వెంటను మూడు నాలుగు మీటర్ల వెడల్పున గడ్డి చెక్కి ఆకు ఊడ్చి మంట దాటని బాట తీయవలెను. ఒక్కసారి తీసి ఊరకుండిన లాభము లేదు, ఆకు రాలిన కొలది తిరిగి ఊడ్వవలెను. మంట కనబడినపుడు ఒక్కరుగా పోరాదు. బీటు ఆఫీసరు గారికి కబురు పంపి, గాలి వీపున తగులునట్లు నిలిచి, పచ్చి కొమ్మలతో ప్రక్కల నుండి కొట్టవలెను. మంటకు పై వాలున ఎన్నడును నిలువరాదు. ఎగువకు అది మనిషి కంటె వేగముగా పరుగెత్తును.

లాంటానా కంప సంగతి కలుపు తీయు మీకు సులభముగా తెలియును. పై కొమ్మలు నరికినచో అది మరింత గుబురగును. వానకు నేల మెత్తబడిన తరువాత, కాయ పండకముందు, మట్టికి రెండు మూడు అంగుళముల క్రింద వేరు తెగునట్లు గునపముతో పెకలించి, తల క్రిందులుగా వ్రేలాడవేసి ఎండబెట్టవలెను. వేరు మట్టికి తగిలినచో మరల నాటుకొనును. దాని పండు తిన్న పిట్టలు చెట్ల మీద వ్రాలి విత్తనము జార్చును గనుక తరువాతి రెండు మూడు ఏండ్లు పెద్ద చెట్ల క్రింద వెదకి మొలకలు పీకవలెను. ఒక్క కలుపుతో తుంగ పోవునా? ఇదియు అంతే. ఇది రిజర్వు అడవి గనుక ఏది పెకలించినను, ఏ పిలక కోసినను ముందు అటవీ శాఖ అనుమతి పొందవలెను.

మేకల మాట కఠినమైనది. గుట్ట అంతయు మూసినచో మేకలవారు ఏమి తినవలెను? ఆ ఇండ్లవారు ఈ సభకు రాకపోవుట నాకు బాగు అనిపించలేదు. వారిని పిలిచి, వారు ఒప్పిన ఒక భాగమును మాత్రము, పిలకలు మేక నోటికి అందనంత ఎత్తు పెరుగువరకు మూయుడు. ఆ భాగములోని గడ్డి కోసికొను హక్కు ముందు వారికే ఇయ్యుడు.

అడవి పెరిగిన పందులు పెరుగునని, వేరుశనగ దక్కదని వెనుక వరుసలో ఒక తమ్ముడు అన్నాడు. ఆ నష్టము నిజము. అడవిని కాయువానికే అది ఎక్కువ తగులుట అన్యాయము కూడ. అయితే ఆ పంది పగలు పడుకొనుటకు కోరునది దట్టమైన కంపనే. పొలము గట్టు ప్రక్కనున్న లాంటానా, సర్కారు తుమ్మ ముందు తీయుడు. పందులు పోవునని నేను చెప్పను, ఇంటి వాకిట మాత్రము ఉండవు. నష్టపు దరఖాస్తు పంట చూపగల నాడే పెట్టుడు. కరెంటు తీగ మాత్రము వేయకుడు. ఆ తీగకు పందులే కాదు, రాత్రి నీరు పెట్టబోయిన రైతులు కూడ చచ్చినారు.

మీ హాజరు పుస్తకము చూచితిని. నాటు దినమున ఊరంతయు ఉన్నది. ఏప్రిలు నెలలో సంతకములు ఆరు, అందులో నాలుగు స్త్రీలవి. కావలి ఎక్కువ కావలసిన నెల అదియే. ఇంటికి ఒకరు చొప్పున వారమునకు ఒక పూట వంతు వేసికొన్నచో ఆ ఆరుగురి మీద భారము తగ్గును. వంతుల పట్టిక ఈ రాత్రియే వ్రాయుదము, నేను కూర్చుండెదను. సంక్రాంతి వెళ్ళిన మొదటి ఆదివారము మా విద్యార్థులతో బాట తీయుటకు వచ్చెదను. ఈసారి మొక్కలు తేను. పారలు, చీపుళ్ళు మీరు సిద్ధము చేయుడు.