రేపటి బస్సుకు నేటి సమాధానం



ఉదయం వేళ బెంగళూరు కె.ఆర్. పురం రైల్వే స్టేషను బయట కాసేపు నిలబడితే ఈ నగరం ఎలా కదులుతుందో తెలుస్తుంది. కుప్పం వైపు నుంచి వచ్చిన రైలు దిగి కట్టడం పనులకు, దుకాణాలకు, ఆఫీసులకు బయలుదేరేవారిలో తెలుగువారు ఎందరో ఉంటారు. కొందరు మెట్రో ఎక్కుతారు, కొందరు బస్సు కోసం నిలబడతారు, చాలామంది నడిచే పోతారు. వీరిలో ఎవరు ఎక్కడికి, ఎలా వెళ్తున్నారో తెలుసుకొని, పదేళ్ల తరువాత ఎందరు వెళ్తారో ముందుగా లెక్కగట్టే శాస్త్రం ఒకటి ఉంది. దానిని ప్రయాణ గిరాకీ అంచనా అంటారు. మెట్రో ఏ దారిన సాగాలి, బస్సు ఎన్ని నిమిషాలకు ఒకటి నడవాలి, రోడ్డు ఎక్కడ వెడల్పు కావాలి అనే నిర్ణయాలకు ఈ లెక్కే పునాది. లెక్కలో చేరని ప్రయాణం ప్రణాళికలోనూ చేరదు. వలస వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఈ శాస్త్రంతో ఉన్న సంబంధం అదే.

ఈ లెక్క 1950ల అమెరికాలో, డెట్రాయిట్, షికాగో నగరాల అధ్యయనాలతో రూపు దిద్దుకొంది. నాటి పద్ధతిలో నాలుగు మెట్లున్నాయి. మొదట నగరాన్ని చిన్న చిన్న ప్రాంతాలుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతంలో రోజుకు ఎన్ని ప్రయాణాలు పుడతాయో జనాభాను, ఉద్యోగాలను, ఇంటి వాహనాలను బట్టి లెక్కిస్తారు. రెండో మెట్టులో ఆ ప్రయాణాలు ఏ ప్రాంతానికి చేరతాయో చూస్తారు. గ్రహాల ఆకర్షణ వలెనే, ఉద్యోగాలు ఎక్కువగా ఉన్న చోటికి ఎక్కువమంది వెళ్తారు; దూరం పెరిగేకొద్దీ ఆ ఆకర్షణ తగ్గుతుంది. మూడో మెట్టులో వారు బస్సు ఎక్కుతారా, సొంత బండి తీస్తారా అన్నది తేలుస్తారు. నాలుగో మెట్టులో ఆ వాహనాలను రోడ్లకు, ఆ ప్రయాణికులను బస్సు, రైలు మార్గాలకు కేటాయిస్తారు. ఏ దారి ఎంత రద్దీగా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

ఈ పద్ధతి ఒక ప్రాంతంలోని వారందరినీ ఒకే సగటుగా చూస్తుంది. కారున్న ఇంటి యజమాని, అదే ఇంటి వెనుక గదిలో అద్దెకుండే తాపీ మేస్త్రీ ఆ సగటులో కలిసిపోతారు. 1970లలో ఈ చూపు మారింది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో బార్ట్ అనే కొత్త రైలు 1972లో మొదలైంది. ఉద్యోగాలకు వెళ్లేవారిలో 15 శాతం మంది దానిని ఎక్కుతారని అధికారిక అంచనా. బర్క్‌లీలోని ఆర్థికవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్ బృందం సగటులను పక్కన పెట్టి ఒక్కొక్క మనిషి ఎంపికను పరిశీలించింది. ఛార్జీ ఎంత, రైలులో ఎంతసేపు, స్టాపులో ఎంత నిరీక్షణ, ఎంత నడక అని అడిగి 6.3 శాతమని లెక్క తేల్చింది. రైలు నడిచాక తేలిన వాస్తవం 6.2 శాతం. మనుషుల ఎంపికలను విశ్లేషించే ఈ పద్ధతికే ఆయనకు 2000లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ పురస్కారం లభించింది.

బస్సులో కూర్చున్న పది నిమిషాలకన్నా, ఎండలో బస్సు కోసం నిలబడిన పది నిమిషాలు ప్రయాణికుడికి చాలా భారమని ఇలాంటి అధ్యయనాలు చూపించాయి. ఆ భారాన్ని దాదాపు రెట్టింపుగా లెక్కించడం ఈ రంగంలో పరిపాటి. వేగమైన రైలు వేసినా, స్టేషనుకు చేరే దారిలో నడిచే చోటు లేకుంటే జనం ఎందుకు రారో దీనితో అర్థమవుతుంది.

అయినా అంచనాలు తప్పుతూనే ఉన్నాయి. 14 దేశాలలోని 210 రవాణా ప్రాజెక్టులను పరిశీలించి బెంట్ ఫ్లూబియర్గ్, ఆయన సహచరులు 2005లో ఒక అధ్యయనం ప్రకటించారు. పది రైలు ప్రాజెక్టులలో తొమ్మిదింటి అంచనా వాస్తవాన్ని మించిపోయింది. సగటున వచ్చిన ప్రయాణికులు అంచనాలో దాదాపు సగమే. ప్రాజెక్టు మంజూరు కావాలన్న ఆతృతతో అంకెలను పెంచి చూపడం కూడా ఒక కారణమని వారు విశ్లేషించారు. అందువల్ల ఏ అంచనానైనా అది ఏ ఊహలపై నిలిచిందో అడిగి చదవాలి. ఆ ప్రశ్న అడిగే హక్కు పౌరులందరిదీ.

మరొక ముందడుగు మనిషి దినచర్యను మొత్తంగా చూడడం. మనిషికి రోజులో ఉన్నవి 24 గంటలే, ఒక సమయంలో ఒక చోటనే ఉండగలడు అనే సామాన్య సత్యాన్ని స్వీడన్ భూగోళవేత్త టోర్‌స్టెన్ హెగర్‌స్ట్రాండ్ 1970లో శాస్త్రంగా నిలిపాడు. గార్మెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒక తల్లిని ఊహించవచ్చు. ఆమె బిడ్డను బడిలో దింపి, ఫ్యాక్టరీకి వెళ్లి, తిరుగుదారిలో కూరగాయలు కొని, బడి నుంచి బిడ్డను తీసుకొని ఇంటికి చేరుతుంది. పాత లెక్కలో ఇవి విడివిడి ప్రయాణాలు. దినచర్య లెక్కలో ఇది ఒకే గొలుసు. ఫ్యాక్టరీకి నేరుగా రైలు వచ్చినా, బడి ఆ దారిలో లేకుంటే ఆమె ఆ రైలు ఎక్కదు. ఈ సంగతి కొత్త మోడల్ పట్టుకోగలదు, ఆమె దినచర్య ఎవరైనా అడిగి రాసుకొంటేనే.

పాత అలవాట్ల లెక్క ఎల్లకాలం చెల్లదు కూడా. కర్ణాటకలో 2023 జూన్ 11న శక్తి పథకం కింద రాష్ట్ర మహిళలకు ప్రభుత్వ సాధారణ బస్సులలో ఉచిత ప్రయాణం మొదలైంది. టికెట్ ధరకు వెనుకాడి మానుకొన్న ప్రయాణం నిన్నటి సర్వేలో కనిపించదు. ధర తొలగగానే ఆ అవసరం బస్సెక్కుతుంది.

నేడు స్మార్ట్ కార్డులు, టికెట్ యంత్రాలు, సెల్‌ఫోన్ల కదలికలు కూడా ఈ లెక్కకు సమాచారం ఇస్తున్నాయి. కోట్ల ప్రయాణాలు క్షణాలలో నమోదవుతాయి. కాని కార్డు ఎక్కిన చోటు, దిగిన చోటు చెబుతుందే తప్ప ఎందుకు వెళ్లారో చెప్పదు. ఇంటికంతటికీ ఒకే ఫోను ఉంటే అది ఒక్కరి ప్రయాణాన్నే చూపుతుంది. నడిచి వెళ్లేవారికి టికెట్టే ఉండదు. అందుకే ఇంటింటి సర్వే అవసరం నేటికీ తీరలేదు. 2011 జనగణన పొలం పనులకు, ఇంటి పరిశ్రమలకు వెలుపల ఉన్న శ్రామికులను పనిచోటు ఎంత దూరం, ఎలా వెళ్తారు అని అడిగింది. అది మంచిదే. అయినా బడికి, ఆసుపత్రికి, సంతకు వెళ్లే ప్రయాణాలు ఆ ప్రశ్నలో లేవు.

సర్వే శాంపిల్‌ను ఓటర్ల జాబితా నుంచి తీస్తే, ఓటు ఇంకా సొంత ఊరిలోనే ఉన్న కుటుంబం అందులోకి రాదు. పని స్థలంలోని రేకుల షెడ్డుకు ఇంటి నంబరు ఉండదు. సర్వే ఉద్యోగి భాష అర్థం కాక తలుపు వేసేవారూ ఉంటారు. తలుపు తీసిన ఇంట్లో కూడా, "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ, ఎక్కడికీ వెళ్లదు" అని భర్త చెబితే, ఆమె రోజూ బడికి, నీళ్లకు, అంగడికి నడిచిన నడకంతా కాగితంపై సున్నాగా మిగులుతుంది. ఆ సున్నాను చూసి ఎవరూ ఆ వీధికి ఫుట్‌పాత్ వేయరు.

కనుక సర్వే ఉద్యోగి వచ్చినప్పుడు ఇంట్లో ప్రతివారూ తమ ప్రయాణం తామే చెప్పాలి. ఐదు నిమిషాల నడకనూ, మారిన ప్రతి బండినీ, స్టాపులో నిలబడిన సమయాన్నీ చెప్పాలి. బస్సు లేక మానుకొన్న ప్రయాణాన్ని అడగకపోయినా చెప్పాలి. భాష రాకుంటే పక్కింటివారిని పిలిచైనా మాట్లాడించాలి. నగర రవాణా ప్రణాళిక ముసాయిదాపై అభిప్రాయాలు కోరినప్పుడు, తమ వీధి ఏ లెక్కలో ఉందో అడగాలి.

వాహనాలకన్నా మనుషులను గమ్యం చేర్చడమే ముఖ్యమని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. ఆ మాట నిజం కావాలంటే ముందు మనుషులందరూ లెక్కలోకి రావాలి. రైలు దిగి నడిచే మేస్త్రీ అడుగూ, బిడ్డ చెయ్యి పట్టుకొన్న తల్లి అడుగూ అందులో ఉన్నప్పుడే అది నగరమంతటి లెక్క అవుతుంది.