విద్యాలయ జీర్ణోద్ధరణము

(సిద్ధిపేట, పద్మశాలి సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



శిథిలదేవాలయమును పునరుద్ధరించుట నూతననిర్మాణముకంటె నధికపుణ్యప్రదమని మన పెద్దలు చెప్పుదురు. పాఠశాలయు సరస్వతీమందిరమే కదా! అంతఃకలహమువలన చెడిన చదువును మరల నిలువబెట్టుట అట్టి జీర్ణోద్ధరణమే.

మన సీమ యట్టి కలహము నెఱుగనిది కాదు. 1946 మొదలు 1951 వఱకు తెలంగాణమున సాయుధపోరాటము సాగినది. రజాకార్ల దౌర్జన్యమునకు పల్లెలు తల్లడిల్లినవి. 1948 ఆగస్టు 27వ తేదీన, నేటి మన జిల్లాలోని బైరాన్‌పల్లియందు జరిగిన హత్యాకాండకు అచటి బురుజు నేటికిని సాక్షియై యున్నది. కాలిన యింటికి గోడలు లేపవచ్చును. బడి విడిచిన బాలునకు గడచిన వయస్సు మరలి రాదు.

ఆ కల్లోలమునకు పూర్వమే యీ రాజ్యమున తెలుగుచదువు దుర్బలమై యుండెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూయే బోధనభాష. 1924 నాటి నిబంధనలచే ఖాన్గీ బడులకు ప్రభుత్వానుమతి యవసరమయ్యెను. అట్టి దినములలో విద్యకు దాతలే దిక్కైరి. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1918లో రాజబహదూర్ వెంకటరామారెడ్డిగారి పూనికచే రెడ్డి హాస్టలును, 1928లో మాడపాటి హనుమంతరావుగారి కృషిచే నారాయణగూడ ఆంధ్ర బాలికల పాఠశాలయు వెలసినవి. ఈ బాలికల పాఠశాల తెలుగున బోధింపబూనుటచే, పూనా కర్వే మహిళావిద్యాపీఠము నాశ్రయించి పరీక్షలు నడుపుకొనెను. ఉదారులు విడువక తోడ్పడుటచేతనే యివి నిలిచినవి.

దీనినుండి మనము గ్రహింపవలసిన దేమి? మనలో భవనమునకు చందా నిచ్చువారు పెక్కురు. శిలాఫలకముపై పేరుండును గదా! ఉపాధ్యాయుని జీతమునకు, పేదబాలుని భోజనమునకు ఏటేట నిచ్చువా రరుదు. నేతవారి బిడ్డలమగు మనకు వేఱుగ చెప్పనేల? భవనము పడుగు, బోధన పేక. పడుగు మాత్రము పఱచి పేక వేయనిచో వస్త్రము కాదు.

కావున నా విన్నపములు మూడు. మొదటిది: సంపన్నులు శాశ్వతనిధి నేర్పఱచి, దాని వడ్డీని మాత్రమే వ్యయపఱుపవలెను. మగ్గముపై జీవించువారు శక్తికొలది యిచ్చిన చిన్న మొత్తమును ఆ నిధిలో సమానగౌరవముతో చేర్చుకొనవలెను. రెండవది: జమాఖర్చులను ప్రతివర్షము మహాసభలో చదివి వినిపింపవలెను. మూడవది: మన ధనముతో నడచు బడి తలుపులు అన్ని కులముల, అన్ని మతముల బిడ్డలకును తెఱచి యుండవలెను. కలహము మనుష్యులను వేఱుపఱచును. ఒకే పలకల వరుసలో కూర్చుండిన బాలురు దానిని మాన్పుదురు.

అన్నదానము నాటి యాకలిని తీర్చును. విద్యాదానము తరముల దైన్యమును తీర్చును. సరస్వతీదేవి మన సంఘము ననుగ్రహించుగాక!

స్వస్తి.