సారె ఎవరి పేరున?



ఎండలు ముదిరాయంటే చాలు, విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ బజారు వీధుల్లో గడ్డి పరిచి, దానిమీద కుండలూ కూజాలూ వరుసగా పేర్చి అమ్మకానికి పెడతారు. మనం వంగి ఒక్కొక్క కుండనీ వేలితో కొట్టి చూస్తాం. కంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే బీట వున్నట్టు లెక్క. ఆ తరువాత బేరం. పది రూపాయలు తగ్గించుకుని ఘనకార్యం చేసినట్టు ఇంటికొస్తాం. ఈ కుండ ఎవరు చేశారన్న ప్రశ్న మాత్రం మన నోట రాదు.

మొన్న వేసవిలో నేనొకసారి అడిగాను. కుండల ముందు కూర్చున్న ఆవిడకి నలభై అయిదేళ్ళుంటాయి. "ఇవన్నీ మీరే చేశారా అమ్మా?" అన్నాను. ఆవిడ నవ్వేసింది. "నానెక్కడ సేత్తానమ్మా! ఆడోళ్ళం సారె ముట్టుకోం. మా ఇంటాయన సేత్తాడు" అంది. "మరి మీరేం చేస్తారు?" అంటే, "నానేటి సేత్తాను, ఊరికే వుంటాను" అంది.

ఆ 'ఊరికే' ఏమిటో అడిగి అడిగి లెక్క కట్టాను. చెరువు నుంచి తెచ్చిన మట్టిగడ్డలు చితక్కొట్టి, రాళ్ళు ఏరి, జల్లించి, నానబెట్టి, ఇసక కలిపి కాలితో తొక్కి పదును చెయ్యడం ఆవిడ పని. సారె మీంచి దిగిన పచ్చి కుండల్ని నీడపట్టున ఆరబెట్టడం, వేళకి తిప్పడం, మబ్బు పడితే పరుగున లోపల పెట్టడం ఆవిడ పని. ఎర్రమట్టి పూత పెట్టేది ఆవిడే. ఆవానికి గడ్డీ, పిడకలూ, తాటికమ్మలూ పోగు చేసేది ఆవిడే. కాలిన కుండల్ని గంపకెత్తుకుని బజారుకి తెచ్చి, మనతో బేరమాడి, మన మాటలు పడేదీ ఆవిడే. మట్టి సారె మీద తిరిగే ఆ కాసేపు తప్పిస్తే తక్కినదంతా ఆవిడ చేతులమీదే నడుస్తుంది. అయినా ఆ కాసేపు పనికే 'కుండ చెయ్యడం' అని పేరు. మిగిలినదంతా 'ఊరికే వుండడం'!

మనమేం తక్కువ తిన్నాం కనక? వంటా, పిల్లలూ, పశువులూ అన్నీ చూసుకుంటూ, ఎవరైనా అడిగితే "నేనేం చెయ్యడం లేదండీ, ఇంట్లోనే వుంటాను" అనడం లేదూ!

మన దేశంలో చాలాచోట్ల ఆడవాళ్ళు సారె తిప్పరు. అది ఆచారం. కర్ర పెట్టి తిప్పే పాత సారె బరువైనది, గొంతుక్కూర్చుని వంగి చెయ్యాలి, గర్భిణులకీ బాలింతలకీ కష్టం అని కొందరు కారణం చెబుతారు. కావచ్చు. కానీ నానిన మట్టి తొక్కడం తేలికా? నెత్తిన కుండల గంప మొయ్యడం తేలికా? పోనీ ఆడది అంటుకుంటే కుండకి దోషమా అంటే, పెళ్ళికి అరివేణి కుండలు తెచ్చుకునేది ఆ ఇంటి నుంచే కదా! మేళతాళాలతో వెళ్ళి, పసుపూ కుంకుమా ఇచ్చి మరీ తెచ్చుకుంటాం. ఆ మట్టిని తొక్కిన కాళ్ళు ఆడవాళ్ళవే. ఆ దోషం అప్పుడెక్కడికి పోయిందో!

కుమ్మరి కులంలో పుట్టిన మొల్ల రామాయణం రాసింది. వందల ఏళ్ళు గడిచినా ఆ కావ్యాన్ని మనం మొల్ల రామాయణమనే పిలుస్తున్నాం. కావ్యానికి పేరు పెట్టుకోగలిగిన ఆడది కుండకి పెట్టుకోకూడదా?

ఈ మాట ఇప్పుడెందుకు ఎత్తానో చెబుతాను. నిన్నటిదాకా ఇది ఇంటి లోపలి సంగతి. ఇప్పుడు సారెతో బాటు కాగితమూ, ఆ కాగితం వెంట డబ్బూ వస్తున్నాయి.

2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం పి.ఎం. విశ్వకర్మ అనే పథకం మొదలుపెట్టింది. అందులో పద్ధెనిమిది చేతివృత్తులున్నాయి, కుమ్మరం వాటిలో ఒకటి. 2027–28 వరకు అయిదేళ్ళకని దీన్ని ప్రకటించారు. పేరు నమోదై, పరిశీలనలు దాటితే గుర్తింపు కార్డూ, ధ్రువపత్రమూ ఇస్తారు. అయిదు నుంచి ఏడు రోజుల శిక్షణ, ఆ రోజులకి దినానికి 500 రూపాయల భత్యం. పనిముట్లకి 15,000 రూపాయల దాకా సాయం. ఆ తరువాత ఆస్తి తాకట్టు లేకుండా 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష రూపాయల వరకు అప్పు, పద్ధెనిమిది నెలల్లో తీర్చాలి. అది సరిగ్గా తీర్చినవారికి రెండో విడత రెండు లక్షల దాకా, ముప్ఫై నెలల గడువు. దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటర్‌లో ఆధార్ వేలిముద్రతో చేస్తారు. నమోదుకి డబ్బు కట్టనక్కర్లేదు. కనక "నేను చేయిస్తాను, ఇంత ఇవ్వండి" అని ఎవరైనా వస్తే వాళ్ళకి గుమ్మం దగ్గరే నమస్కారం పెట్టి పంపెయ్యండి.

ఇందులో ఒక నిబంధన వుంది. కుటుంబానికి ఒక్కరే. కుటుంబమంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు. ఆ ఒక్కరికీ పద్ధెనిమిదేళ్ళు నిండి వుండాలి, ఆ పని స్వయంగా చేస్తూ వుండాలి. చూశారా చిక్కు! ఒకే ఇంట్లో ఇద్దరూ రెక్కలు ముక్కలు చేసుకుంటున్నారు, కార్డు మాత్రం ఒకరికే. అది ఎవరి పేరున అని ఎవరూ కూర్చుని ఆలోచించరు. సారె తిప్పేవాడే కుమ్మరి కనక, మగవాడి పేరే రాసేస్తారు.

మగవాళ్ళ పేర్లు కొట్టేయించమని నేను చెప్పడం లేదండి. సారె మీద చెయ్యి తిరిగినవాడు ఆయనే అయితే, అప్పు తెచ్చి సారె పెద్దది చేసుకోదలిస్తే, ఆయన పేరే న్యాయం కావచ్చు. కానీ ఆయనకి నడుం వంగక పని మానుకుంటున్న ఇళ్ళున్నాయి. కొడుకులు కూలికో, గుజరాత్ చేపల పడవలమీదికో వెళ్ళిపోయిన ఇళ్ళు మన జిల్లాల్లో ఎన్నో! అక్కడ మట్టిని పట్టుకుని వున్నది ఇల్లాలో, కూతురో. అటువంటి ఇంట్లో దరఖాస్తు ఆవిడ పేరున పెట్టడమే నిజం రాయడం. ఏదైనా సరే, సెంటర్‌కి వెళ్ళకముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఆ మాటలో మీ గొంతు కూడా వినపడాలి.

సారె తిప్పడం రాదంటారా? ఇప్పుడు కరెంటు సారెలు వచ్చాయి. 2018లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ కుమ్మరులకోసం ఒక పథకం పెట్టి ఇటువంటి సారెలు పంచడం మొదలుపెట్టింది. పీటమీద కూర్చుని, వేగం తగ్గించుకుంటూ పెంచుకుంటూ చెయ్యవచ్చు. బరువు తిప్పే బాధ లేదు. బరువే కారణమైతే ఆ కారణం తీరిపోయింది. ఖాదీ అంటే మనకి పొందూరు కదా! అక్కడ సన్నని నూలు వడికేది ఆడవాళ్ళే. రాట్నం తిప్పే చెయ్యి సారె తిప్పలేదా?

అసలు సారే లేకుండా కుండలు చేసే ఆడవాళ్ళున్నారు. మణిపూర్‌లో మట్టిని తాడులా పేని, చుట్లు చుట్టి, తట్టి కుండ చేస్తారు. అలా చేసే నీలమణి దేవిగారికి 2007లో పద్మశ్రీ వచ్చింది. ఆఫ్రికాలో నైజీరియా దేశపు లాడీ క్వాలీ అనే ఆవిడ కూడా చిన్నప్పుడు దగ్గరి బంధువొకావిడ వద్ద అలాగే నేర్చుకుంది. 1954లో అబూజాలోని కుండల శిక్షణ కేంద్రంలో చేరిన మొదటి మహిళ ఆవిడే. తరువాత ఆ కేంద్రానికే ఆవిడ పేరు పెట్టారు. ఆ దేశపు ఇరవై నైరాల నోటు వెనక ఆవిడ బొమ్మ వుంది. కుండ చేసిన చేతికి నోటుమీద చోటు!

"ఇంతా చేసి కొనేవాళ్ళెవరు?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. అల్యూమినియమూ, స్టీలూ, ప్లాస్టిక్కూ వచ్చి కుండని పెరట్లోకి తోసేశాయి. అయితే 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులూ పళ్ళేలూ దేశమంతా నిషేధించారు. మట్టికప్పులో టీ, మట్టిచట్టిలో పెరుగు, కుండలో బిరియానీ, మేడమీద మొక్కల తొట్లు మళ్ళీ అడుగుతున్నారు. కాని ఒక్కరినే నమ్ముకోకండి. 2004లో లాలూ ప్రసాద్‌గారు రైల్వే మంత్రిగా రైళ్ళలో మట్టికప్పులు పెట్టించారు. కొన్నేళ్ళకే వాటి స్థానంలో కాగితం కప్పులొచ్చేశాయి. హోటలు వాళ్ళకి కొన్ని, మొక్కల వాళ్ళకి కొన్ని, డ్వాక్రా బజార్లలో కొన్ని అమ్ముకుంటేనే ఏడాది పొడుగునా పొయ్యి వెలుగుతుంది. ఇంట్లో కార్డు ఒకరికే దక్కినా, డ్వాక్రా సంఘంలో ఇల్లాలి పేరు వుండనే వుంటుంది. ఆ దారి వదులుకోకండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. అందం కోసమని వంటపాత్రలకీ, తాగే కప్పులకీ గోడల రంగులు పుయ్యకండి. నిగనిగలాడే గాజుపూతలు కొన్నింటిలో సీసం వుంటుంది. చింతపండు పులుసూ, పెరుగూ తగిలితే అది ఆహారంలోకి దిగుతుంది, పసిపిల్లలకి మరీ ప్రమాదం. ఏం కలిపారో తెలియని పూత తినే పాత్రకి వద్దు. మన కుండకి పూత లేకపోవడం లోపం కాదు. సన్నని రంధ్రాల్లోంచి నీరు ఊరి ఆవిరవుతుంది కనకనే లోపలి నీళ్ళు చల్లబడతాయి.

ఇక చదువుకుంటున్న ఆడపిల్లల సంగతి. పట్నాల్లో మట్టిపని ఇప్పుడు ఒక కళ. మన ఆవంలో కుండ ఎనిమిది, తొమ్మిది వందల డిగ్రీల లోపే కాలుతుంది. వాళ్ళ కొలిముల్లో 1200 డిగ్రీలు దాటుతుంది, మట్టి రాయిలా గట్టిపడి నీరు పీల్చదు. 1971లో రే మీకర్, డెబోరా స్మిత్ అనే దంపతులు పాండిచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టారు. అక్కడ నేర్చుకున్నవాళ్ళు ఎందరో సొంత కొలిములు పెట్టుకున్నారు, వాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. 2018లో జైపూర్‌లో, 2024లో ఢిల్లీలో సిరామిక్ కళకే ప్రత్యేకంగా పెద్ద ప్రదర్శనలు జరిగాయి. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళల శాఖ వుంది. ఆమదాలవలసలో రైలెక్కితే భువనేశ్వర్ ఎంతో దూరం కాదు. అక్కడా, చెన్నైలోనూ లలితకళా అకాడమీ ప్రాంతీయ కేంద్రాలున్నాయి, కళాకారులు వాటిలో పని చేసుకుంటారు. కుమ్మరింటి పిల్ల డిగ్రీ చదివి కుండల ఊసెత్తడానికి సిగ్గుపడుతోంది. అదే పనిని ఊళ్ళు దాటి వెళ్ళి, ఫీజులు కట్టి నేర్చుకునేవాళ్ళున్నారని ఆ పిల్లకి చెప్పండి. మట్టి పదును వాళ్ళకి పుస్తకంలో తెలియాలి, ఈమెకి కాళ్ళకే తెలుసు.

వంశధార ఒడ్డున, కళింగపట్నానికి దగ్గరలో శాలిహుండం కొండ వుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో దాని సంగతి లోకానికి తెలియజేశారు. ఆ బౌద్ధ క్షేత్రం తవ్వకాల్లో అక్షరాలు చెక్కిన కుండపెంకులు దొరికాయి. ఎంత కాలం గడిచినా మట్టి తన మీద రాసిన అక్షరాన్ని దాచిపెట్టింది. పచ్చి కుండ అడుగున పుల్లతో రెండక్షరాలు రాయడానికి ఎంతసేపు? ఆవంలో కాలితే ఆ పేరు చెరగదు. బజార్లో కుండ కొనే మనం కూడా, వేలితో కొట్టి చూసిన తరువాత, తిరగేసి ఆ పేరు చదువుదాం. పేరు లేకపోతే అడుగుదాం. పది రూపాయల బేరం ఆ పూటకి మానేద్దాం.

మనం ఆడపిల్లని అత్తవారింటికి పంపేటప్పుడు సారె పెడతాం. చలిమిడీ, చీరా, పసుపూ కుంకుమా సర్ది పంపిస్తాం. కుమ్మరింటి తల్లులారా, మీ పిల్లకి ఆ సారెతో బాటు ఈ సారె కూడా పెట్టండి. ఆ సారె నాలుగు రోజుల్లో పంచేస్తే అయిపోతుంది. ఈ సారె బతికినన్నాళ్ళూ అన్నం పెడుతుంది.

సెలవు.