చదివి వినిపించండి

పట్టాలు అందుకుంటున్న పిల్లలందరికీ నా అభినందనలు.

దేశం ఎటు పోతోందో, రేపు ఏ రంగంలో ఉద్యోగాలు వస్తాయో చెప్పగల పెద్దలు మీకు చాలామంది దొరుకుతారు. నేను నాటకం మనిషిని. యూనివర్సిటీలో నాటకం నేర్పుతూ తల నెరిసినవాణ్ని. మీలాంటి పిల్లలతోనే ఒక డాక్యుమెంటరీ నాటకం వేయించాను. ఆ పని నాకు నేర్పిన సంగతి ఒకటి ఉంది. ఇవాళ మీకు అది ఒక్కటే చెబుతాను.

డాక్యుమెంటరీ నాటకంలో రచయిత ఊహించి రాసిన సంభాషణ ఉండదు. జరిగిన ఘటన, చూసినవాళ్ల సాక్ష్యం, కోర్టు రికార్డు, ప్రభుత్వ కాగితం, వీటిలోంచి ఏరి, కూర్చి, నటుల చేత చెప్పిస్తారు. కూర్పు మనది, మాట మాత్రం వాళ్లది. నాజీల ఆష్‌విట్జ్ నిర్బంధ శిబిరంలో పనిచేసినవాళ్లపై జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టులో 1963 నుంచి 1965 దాకా విచారణ జరిగింది. నాటక రచయిత పీటర్ వైస్ అక్కడ చెప్పిన సాక్ష్యాలతోనే నాటకం కూర్చాడు. అది 1965 అక్టోబరులో తూర్పు, పశ్చిమ జర్మనీల్లోని అనేక నాటకశాలల్లో ఒకే రాత్రి తెరలేచింది. అమెరికాలో 1998లో మాథ్యూ షెపర్డ్ అనే వయోమింగ్ యూనివర్సిటీ విద్యార్థిని స్వలింగ ప్రియుడన్న ద్వేషంతో కొట్టి చంపారు. న్యూయార్క్ నుంచి ఒక నాటక బృందం ఆ ఘటన జరిగిన లారమీ అనే ఊరికి వెళ్లి, రెండు వందలకు పైగా ఇంటర్వ్యూలు చేసి, ఊరివాళ్ల మాటలతోనే నాటకం కట్టింది. ఆ తరవాత ఎన్నో కాలేజీల్లో పిల్లలు దాన్ని ఆడారు.

ఇదంతా పరాయి దేశాల విద్య అనుకోకండి. గురజాడ వారి 'కన్యాశుల్కం' మొదటిసారి 1892లో ప్రదర్శించారు. ఆ నాటకం అచ్చులోకి వచ్చినప్పుడు ఆయన రాసిన పీఠిక చదవండి. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితాను విజయనగరం మహారాజు తయారు చేయించారు. లెక్కకు తేలినవి 1034. అయిదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది వయసు పసికందులు ముగ్గురు. అందులోని గిరీశం, మధురవాణి పాత్రలు గురజాడ సృష్టి, కాదనను. కాని వాళ్ల వెనక ఆ పట్టిక ఉంది. మన భాషలో తలమానికమైన నాటకానికి ఒక కాగితం పునాది వేసింది.

ఇక నా నాటకం సంగతి. 1977 నవంబరు 19, శనివారం. కృష్ణా జిల్లా దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. సముద్రం అయిదారు మీటర్ల ఎత్తున లేచి మైళ్లకొద్దీ లోపలికి నడిచింది. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవాళ్లు దాదాపు పదివేల మంది. ఊళ్లలో అడిగితే ఇంకా ఎక్కువ చెబుతారు. నలభై ఏళ్ల తరవాత ఆ రాత్రిని అక్కడివాళ్ల మాటల్లో రంగస్థలం మీదికి తేవాలనుకున్నాం. మా బృందంలో కెమిస్ట్రీ వాళ్లు, కామర్స్ వాళ్లు, లా చదివేవాళ్లు ఉన్నారు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి అప్పటికి సముద్రమే చూడలేదు.

నాటకం అనగానే డైలాగు పేపర్లు ఇస్తారనుకుని వచ్చారు పిల్లలు. నేను రికార్డర్లు ఇచ్చి నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ బస్సులెక్కించాను. అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఆ రోజు పొద్దున్నుంచీ ఏం జరిగిందో చెప్పండి. తరవాత నోరు మూసుకుని కూర్చోవాలి. అన్నిటికంటే కష్టమైన పని అదే అయింది వాళ్లకి. ఒక పెద్దాయన మాట మధ్యలో ఆపి గోడ వంక చూస్తున్నాడు. మావాడు ఊరుకోలేక, "అప్పుడు మీకు ఏమనిపించిందండీ?" అన్నాడు. ఆయన "ఏమనిపిస్తది బాబూ" అని లేచి వెళ్లిపోయాడు. రాత్రి బసలో మావాణ్ని కూర్చోబెట్టి చెప్పాను: "ఒరేయ్, ఆయన జ్ఞాపకం చేసుకుంటున్నాడురా. ఆ నిమిషం ఆయనది. నువ్వు లాక్కున్నావు." మర్నాడు వాడే వెళ్లి ఆయన గుమ్మంలో ఊరికే కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఆయనే మొదలుపెట్టాడు.

రికార్డు చేసింది అక్షరాల్లో పెట్టాలి. గంట మాటకు ఒక పూటంతా పడుతుంది. దగ్గు, తడబాటు, చెప్పిందే మళ్లీ చెప్పడం, అన్నీ రాయాలి. తెలివైన పిల్లవాడు ఒకడు గోడ వంక చూసిన ఆ పెద్దాయన మాటలన్నీ కుదించి ఒక పేజీ చేసి తెచ్చాడు. అందులో తప్పు ఒక్కటీ లేదు. కాని అందులో ఆ మనిషి లేడు. రికార్డింగు వింటే ఆయన ముందు తన గేదెల లెక్క చెబుతాడు. ఏది చూలుతో ఉంది, ఏది పాలిస్తోంది, ఏ గేదెను ఎవరి దగ్గర కొన్నాడు. రెండుసార్లు, మూడుసార్లు. ఆ తరవాత గాని కూతురి పేరు ఎత్తడు. ఆ పిల్లవాడు గేదెలను తీసేశాడు. "సార్, బిడ్డ పోయిన మనిషి గేదెల గురించి మాట్లాడాడంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు?" అన్నాడు. ఆయన గౌరవం కాపాడాలనే వాడి ఉద్దేశం. మంచి పిల్లవాడు. కాని కూతురి పేరు దాకా రావడానికి ఆ తండ్రికి ఆ గేదెల దారి కావాలి. ఆ దారి మూసేస్తే కూతురు పోయిందన్న వార్త మిగులుతుంది, తండ్రి మిగలడు.

పిల్లలూ, నా బెంగంతా ఇక్కడే ఉంది. కాస్త ఓపిక పట్టి వినండి.

మీరంతా సారాంశం తీయడంలో ఆరితేరారు. మేమే నేర్పాం. పది మార్కుల ప్రశ్నకు ఆరు పాయింట్లు, ప్రాజెక్టు రిపోర్టుకు ఒక పేజీ సంగ్రహం. ఇప్పుడు రెండు గంటల మాటను ఫోనుకి ఇస్తే అదే నాలుగు వాక్యాల్లో తేల్చి పెడుతోంది. పనికొచ్చే సాధనమే, వాడుకోండి. నాకు భయం వేసేది మరొకందుకు. మనిషి ఎదురుగా కూర్చుని చెబుతున్నప్పుడు కూడా మీ బుర్ర కుదిస్తూనే ఉంటుంది. ఆయన రెండో వాక్యంలో ఉండగానే "అర్థమైందండీ" అంటారు. ఏం అర్థమైంది నాయనా? మీకు ముందే తెలిసిన దానికి సరిపోయినంత అర్థమైంది. మిగతాది జారిపోయింది. మీకు తెలియనిది ఆ జారిపోయినదాంట్లోనే ఉంది.

రేపు మీలో ఒకరు తహసీల్దారు ఆఫీసులో నష్టపరిహారం దరఖాస్తులు నింపుతారు. ఒకరు ఆసుపత్రిలో రోగి చెప్పింది కేసు షీటులో రాస్తారు. ఒకరు పత్రికలో వార్త రాస్తారు, ఒకరు కోర్టులో వకాలతు పుచ్చుకుంటారు. సాఫ్ట్‌వేరుకి వెళ్లేవాళ్లు తమకేం సంబంధం లేదనుకోవద్దు. వాడేవాళ్లకు ఏం కావాలో వాళ్ల నోట వినకుండా కట్టిన ప్రోగ్రాములతో రోజూ ఎంతమంది కుస్తీ పడుతున్నారో మీ అమ్మానాన్నలను అడగండి. మీరందరూ ఇంకొకరి మాటను మీ చేత్తో రాయబోతున్నారు. చదువు ఇచ్చే పెద్ద అధికారం అదే. పట్టా మీద ఆ సంగతి అచ్చువేయరు కాబట్టి నేను చెబుతున్నాను.

మళ్లీ మా నాటకానికి వద్దాం. రిహార్సళ్లు మొదలయ్యాయి. ఆదిలాబాద్ అమ్మాయికి ఒక ముసలమ్మ సాక్ష్యం వచ్చింది. మొదట్లో కోస్తా యాసను సినిమాల్లో కామెడీకి వాడినట్టు సాగదీసింది. "యాస జోలికి పోకమ్మా. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆవిడ ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో చూడు. అక్కడ నువ్వూ తీసుకో" అన్నాను. కొన్నాళ్లకు యాస దానంతట అదే వచ్చి కూర్చుంది. ఆ తరవాత ఇంకో చిక్కు. ఆవిడ తాటిచెట్టు పట్టుకుని రాత్రంతా గడిపిన ఘట్టం దగ్గరికి రాగానే అమ్మాయి భోరుమనేది. చూస్తున్నవాళ్లంతా కళ్లు తుడుచుకునేవాళ్లు. నేను ఆపేశాను. "ఆవిడ ఏడవలేదు కదమ్మా, నువ్వెందుకు ఏడుస్తున్నావు?" "ఆగడం లేదు సార్." "గదికి వెళ్లి తనివితీరా ఏడువు. ఇక్కడ మాత్రం ఆవిడ చెప్పింది ఆవిడ చెప్పినట్టు చెప్పు." కఠినంగానే అన్నాను. ఆ ముసలమ్మ ఏళ్ల తరబడి ఏడ్చి ఏడ్చి, ఆ మాటను మామూలుగా చెప్పగలిగే చోటికి చేరింది. ఆ ప్రయాణం ఆవిడ సంపాదన. మన కన్నీళ్లు అడ్డం వస్తే జనం నటిని చూస్తారు, ఆవిడ కనబడదు. జాలి మంచిదే, కాని ముందు నిలబడే హక్కు దానికి లేదు.

అలల హోరు స్పీకర్లలో వేద్దామన్నారు పిల్లలు. వద్దన్నాను. నీలం లైటు తిప్పుదామన్నారు. అదీ వద్దన్నాను. ఆ రాత్రి చూసినవాళ్లు ముందు వరసలో కూర్చోబోతున్నారు. వాళ్ల ముందు మనం సముద్రాన్ని తయారు చేయకూడదు. కొన్ని కుర్చీలు, తెల్లటి వెలుగు, మాట. అంతే.

ప్రదర్శనకు ముందు ఇంకో పని చేశాం, దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. కూర్చిన రాతప్రతి తీసుకుని మళ్లీ ఊళ్లకు వెళ్లి, ఎవరి మాట వాళ్లకు చదివి వినిపించాం. ఇది నా కొత్త ఆలోచన కాదు. కోర్టులో సాక్షి చెప్పింది రాసుకున్నాక అది సాక్షికి చదివి వినిపించాలని చట్టమే చెబుతుంది. పాత వాంగ్మూలాల చివర 'చదివి వినిపించగా సరియని ఒప్పుకున్నాను' అని ఉంటుంది, చూసే ఉంటారు. ఆ వాక్యం కింద వేలిముద్ర వేసిన ఎంతమందికి నిజంగా చదివి వినిపించారో దేవుడికే తెలియాలి. మేం మాత్రం చదివాం. ఒకాయన తమ్ముడి మీద తాను అన్న మాట తీసేయమన్నాడు. రంగస్థలం మీద బాగా రక్తి కట్టే మాట. తీసేశాం. ఒకామె పేరు మార్చమంది. మార్చాం. ఇంకొకాయన రెండుసార్లు చదివించుకుని, "నేను ఇంత చెప్పానా!" అని పక్కింటివాళ్లను కూడా పిలిచి మూడోసారి చదివించుకున్నాడు.

ప్రదర్శన అవనిగడ్డలో ఒక బడి ఆవరణలో జరిగింది. అయిపోయాక ఆ ముసలమ్మ మెల్లగా వేదిక దగ్గరికి వచ్చింది. ఆదిలాబాద్ అమ్మాయి గడ్డం పట్టుకుని, "నేనట్టాగే చెప్పానే" అంది. బాగా చేశావని గాని, బాగా లేదని గాని అనలేదు. తరవాత అంది: "ఇంకోటి ఉంది. ఆ రోజు మీకు చెప్పలా. రాసుకోండి. ఆటలో మాత్రం పెట్టమాకండి." ఇద్దరూ ఒక పక్కకు వెళ్లి కూర్చున్నారు. ఆవిడ అంతవరకూ ఎవరికీ చెప్పనిది ఆ పిల్లకు చెప్పింది. అది నాటకంలోకి రాలేదు, ఇక్కడా రాదు. కాని ఎందుకు చెప్పిందో ఆలోచించండి. తన మాటను చెడగొట్టకుండా తిరిగి ఇచ్చిన చేతికి ఇంకో మాట ఇవ్వవచ్చని నమ్మింది. నమ్మకం అలా వస్తుంది. నేను మీ మేలు కోరేవాణ్నని వెయ్యిసార్లు చెప్పినా రాదు.

విన్నది విన్నట్టు పట్టించుకుంటే ఏమవుతుందో కూడా దివిసీమే చూపించింది. 1977 తరవాత తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు కట్టారు. ముందస్తు హెచ్చరికలు, జనాన్ని తరలించే ఏర్పాట్లు మెరుగయ్యాయి. 1990 మే నెలలో అదే తీరాన్ని అంతకు తీసిపోని తుఫాను కొట్టింది. పోయినవాళ్ల సంఖ్య వెయ్యి లోపే. అదీ చిన్న లెక్కేం కాదు. కాని పదివేలకూ దానికీ మధ్య ఉన్న ప్రాణాలు, ఎవరో ఎవరి గోడో విని కాగితం మీద పెట్టి కదిలినందువల్ల నిలిచినవి.

ఇప్పుడు మిమ్మల్ని కాస్త మందలిస్తాను, ఆ చనువు నాకు ఉందనుకుంటున్నాను. ఇందాక ఫొటోలు దిగేటప్పుడు చూశాను. అమ్మను, నాన్నను పక్కన నిలబెట్టి గౌను వాళ్ల భుజాల మీద కప్పారు. చాలా సంతోషం. మీరు పుట్టకముందు మీ నాన్న ఏ పని చేసేవారో మీలో ఎంతమంది చెప్పగలరు? మీ అమ్మ చదువు ఏ క్లాసులో ఆగింది, ఎందుకు ఆగింది? మీ ఫీజుకు ఏం తాకట్టు పెట్టారు? తెలుసంటారు. మీకు తెలిసింది సారాంశం. ఆ కథ గేదెలతో సహా మీరు వినలేదు.

కాబట్టి ఉద్యోగంలో చేరేలోగా ఒక పని చేయండి. ఇంట్లోనో ఊళ్లోనో ఒక పెద్ద మనిషిని కూర్చోబెట్టి, జీవితంలో ఒక్క రోజు గురించి చెప్పమనండి. ఫోనులో రికార్డు చేయండి. మధ్యలో మాట్లాడకండి. తరవాత మీ చేత్తో, మెషీనుకి ఇవ్వకుండా, ప్రతి మాటా రాయండి. రాసింది తీసుకెళ్లి ఆ మనిషికి చదివి వినిపించండి. ఎక్కడ సరిదిద్దమంటే అక్కడ సరిదిద్దండి, ఏది తీసేయమంటే అది తీసేయండి. విసుగొస్తుంది, వేళ్లు నొప్పి పుడతాయి, పది పేజీల తరవాత దీనివల్ల ఏం లాభం అనిపిస్తుంది. అయినా పూర్తి చేయండి.

అది ఒక్కసారి చేసినవాళ్లు ఆఫీసులో ఎదుటి మనిషి మాటను తేలిగ్గా తుంచలేరు. ఏ దరఖాస్తు మీద, ఏ రిపోర్టు మీద, ఏ తీర్పు మీద సంతకం పెట్టాల్సి వచ్చినా, అందులో ఎవరి మాట ఉందో వాళ్లకు ముందు చదివి వినిపిస్తారు. ఇన్నేళ్లు మిమ్మల్ని చదివించిన సమాజం మిమ్మల్ని అడిగే మొదటి ఫీజు అది. కట్టండి.