అందానికి ఖరీదు, అడవికి వాటా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కాలువల ఇంజినీరు కదా, నీళ్ళ గురించి చెబుతాడని మీరు అనుకొని ఉంటారు. నేను లిప్‌స్టిక్ గురించి చెప్పబోతున్నాను. నవ్వండి, పరవాలేదు.

మొన్న సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా అమ్మాయి వాళ్ళమ్మకు ఒక లిప్‌స్టిక్ తెచ్చింది. షాంటెకాయ్ అని న్యూయార్క్ కంపెనీది. ధర రూపాయల్లోకి మార్చి చెప్పేసరికి ఇంట్లో ఎవరికీ నోట మాట రాలేదు. "ఊరికే కాదు నాన్నా, కెన్యాలో తల్లి లేని ఏనుగు పిల్లలను సాకే షెల్డ్రిక్ ట్రస్టుకు ఈ కంపెనీ సాయం చేస్తుంది" అంది. మా అమ్మకు ఎనభై దాటాయి. వెంటనే మనవరాలిని అడిగింది: "మూతికి మనం రంగు పూసుకుంటే ఏనుగులకేమొస్తాదే?"

అందరం నవ్వాం. కానీ ఎస్టిమేట్లు వేసి బతికినవాణ్ణి, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎంత పోతుంది? ఎవరికి పోతుంది? అదే ప్రశ్న మన ఇంటి అలంకారానికి వేసి చూశాను.

మా చిన్నప్పుడు అమ్మ సానరాయి మీద రక్తచందనం చెక్క అరగదీసి మా అక్క మొటిమలకు పూసేది. ఆ చెక్క ఎక్కడి నుంచి వచ్చిందని మేమెవ్వరం అడగలేదు. ఇప్పుడదే పొడి ఫేస్‌ప్యాక్ పేరుతో డబ్బాల్లో అమ్ముతున్నారు. ఎర్రచందనం తనంతట తాను పెరిగేది శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల వంటి మన కొండల్లోనే. రంగంతా చేవలో ఉంటుంది. ఆ చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. 1995 నుంచి సైట్స్ ఒప్పందం కింద దాని విదేశీ వ్యాపారం మీద అదుపు ఉన్నా, దొంగ గొడ్డళ్ళు ఆగలేదు.

అదే లంకమల కింద ముళ్ళపొదల్లో ఉండే పిట్ట కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనుకున్నారు. మేము ఈ బడిలో పదో తరగతి పరీక్షలకు చదువుతున్న రోజుల్లో, 1986 జనవరిలో, కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. తర్వాత దాని కోసం తెలుగుగంగ కాలువ దారే మార్చవలసి వచ్చింది. "పిట్ట కోసం కాలువ తిప్పుతారా?" అని విసుక్కున్న ఇంజినీర్లలో నేనూ ఒకణ్ణి. గురువుల ముందు ఈరోజు ఒప్పుకుంటున్నాను, ఆ విసుగు తప్పు.

దారి మార్చిన ఖర్చు ప్రజలది. అడవి మిగలాలంటే ఎవరో ఒకరు చెల్లించాలి. మరి అడవి సరుకుతో లాభం తీసేవాళ్ళు ఎందుకు చెల్లించకూడదు? 2002 జీవవైవిధ్య చట్టం అడిగేది ఇదే. చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ 2025లో మన రాష్ట్రంలో ఎర్రచందనం పెంచిన 198 మంది రైతులకు, ఒక విద్యాసంస్థకు కలిపి 3 కోట్ల రూపాయలు విడుదల చేసింది. వాటా వస్తుందని తెలిస్తే రైతు మొక్క నాటుతాడు. తోట చెక్క దొరికితే కొండ చెట్టు మీద ఒత్తిడి తగ్గుతుంది.

అయితే తోటలో కలివికోడి బతకదు. దానికి ముళ్ళపొదలే కావాలి. అందుకే వాటా రైతుతో ఆగకూడదు, కొండకూ, కొండకు కాపలా కాసేవాళ్ళకూ చేరాలి. న్యూయార్క్ లిప్‌స్టిక్ కెన్యా ఏనుగును తలచుకోగలిగినప్పుడు, మన ఫేస్‌ప్యాక్ లంకమలను ఎందుకు తలచుకోదు?

పిల్లలకు ఒక మాట. డబ్బా మీద జంతువు బొమ్మ చూసి మురిసిపోవద్దు. ఎంత ఇస్తున్నారు, ఎవరికి ఇస్తున్నారు అని రాసి అడగండి. చెక్క తోటదా, కొండదా అని కూడా అడగండి. కొనేవాళ్ళు అడగకపోతే అమ్మేవాళ్ళు చెప్పరు.

మన సంఘానికి ఒక మనవి. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలను అటవీశాఖ అనుమతితో లంకమలకు తీసుకెళ్దాం. మొదటి ఏడాది బస్సు ఖర్చు నాది. కలివికోడి కనబడకపోవచ్చు. అది ఉండే పొద ఎలా ఉంటుందో చూసినా చాలు. నాలాగా యాభై ఏళ్ళు దాటాక తెలుసుకోవలసిన అవసరం వాళ్ళకు రాదు.

మా ఆవిడ ఆ లిప్‌స్టిక్ మూత ఇంకా తీయలేదు. అమ్మ ప్రశ్నకు పూర్తి జవాబు నేనూ ఇంకా చెప్పలేదు.